అర్జీ మీద సంతకం చేసే ముందు ఆ నవల చదవండి: హ్యూస్టన్ పరిసరాల తెలుగు తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక అర్జీ తిరుగుతోంది. ఆంజీ థామస్ రాసిన ‘ద హేట్ యు గివ్’ అనే నవలను మన పిల్లలు చదివే హైస్కూలు గ్రంథాలయంలో నుంచి తీసేయాలని స్కూల్ బోర్డును కోరుతున్న అర్జీ అది. మనవాళ్లు చాలామంది దానిమీద సంతకాలు చేశారు. అర్జీతో పాటు వచ్చిన నాలుగైదు పేజీల ఫొటోలు చూసి, పిల్లల మంచికే కదా అనుకుని చేశామని కొందరు నాతో అన్నారు. నేను ఆ నవలను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, టెన్త్ గ్రేడ్ చదువుతున్న మా అమ్మాయితో కలిసి చదివాను. సంతకం చేయవద్దని, ఇప్పటికే చేసినవారు దాన్ని వెనక్కి తీసుకోవాలని మిమ్మల్ని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఫొటోల్లో లేని కథ ముందు చెప్పనివ్వండి. గార్డెన్ హైట్స్ అనే కల్పిత పేటలో ఈ కథ జరుగుతుంది. నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే నగర బస్తీ అది. ముఠాలూ, మాదకద్రవ్యాలూ, చాలీచాలని జీతాలూ అక్కడ ఉన్నాయి. ఒకరి పిల్లలను మరొకరు సొంత బిడ్డల్లా పెంచే అలవాటూ అక్కడే ఉంది. పదహారేళ్ల స్టార్ కార్టర్ ఆ పేట అమ్మాయి. తండ్రి మావెరిక్ ఒకప్పుడు ముఠాలో తిరిగి, మూడేళ్లు జైల్లో ఉండి వచ్చి, ఇప్పుడు అదే పేటలో కిరాణా కొట్టు నడుపుతున్నాడు. తల్లి లీసా నర్సు. మేనమామ కార్లోస్ పోలీసు డిటెక్టివ్. తండ్రి జైల్లో ఉన్న కాలంలో స్టార్‌ను కడుపులో పెట్టుకుని చూసుకున్నది ఆయనే. ఒక రాత్రి పార్టీ నుంచి తిరిగి వస్తుండగా స్టార్, చిన్ననాటి స్నేహితుడు ఖలీల్ ప్రయాణిస్తున్న కారును ఒక పోలీసు ఆపుతాడు. స్టార్ భయపడుతోందని గమనించిన ఖలీల్, ఎలా ఉన్నావని అడగడానికి కారు తలుపు తెరుస్తాడు. పోలీసు మూడుసార్లు కాలుస్తాడు. ఖలీల్ దగ్గర ఆయుధం ఏదీ లేదు. పోలీసు తుపాకీ అనుకున్నది తల దువ్వుకునే బ్రష్షు.

ఇదంతా నవల మొదట్లోనే అయిపోతుంది. మిగిలిన వందల పేజీల్లో ఉన్నది, చనిపోయిన స్నేహితుడి పట్ల బతికి ఉన్న స్నేహితురాలి బాధ్యత ఏమిటన్న ప్రశ్న.

స్టార్, ఖలీల్, నటాషా ముగ్గురూ చిన్నప్పుడు విడదీయరాని జట్టు. ముగ్గురికీ హ్యారీ పాటర్ అంటే పిచ్చి. ఆ మాంత్రికుల బడిలోని హౌసులు నిజానికి ముఠాలేనని, ఒక్కో దానికి ఒక్కో రంగు, ఒక్కో స్థావరం, ఒకరి కోసం ఒకరు తెగించే గుణం ఉంటాయని మావెరిక్ తన సిద్ధాంతం వినిపిస్తుంటాడు. మన పిల్లలు కూడా అవే పుస్తకాలు చదివారు, అవే సినిమాలు చూశారు, హాలోవీన్‌కు అవే దుస్తులు కుట్టించుకున్నారు. ఆ ముగ్గురిలో నటాషా పదేళ్ల వయసులో, వీధిలో ఎవరో కారులోంచి కాల్చిన తూటాకు బలైపోయింది. పదహారేళ్లకు ఖలీల్ పోయాడు. ఆ జట్టులో మిగిలింది స్టార్ ఒక్కతే.

ఖలీల్ మాదకద్రవ్యాలు అమ్మేవాడని, అలాంటి కుర్రవాడి మీద జాలి కలిగించే పుస్తకం పిల్లలకు ఎందుకని అర్జీలో అడిగారు. అతను అమ్మిన మాట నిజమే. స్టార్ కూడా ఆ సంగతి తెలిసి తల్లడిల్లుతుంది, కోపగించుకుంటుంది. అతను ఆ పనిలోకి ఎలా దిగాడో నవల కొంచెం కొంచెంగా చెబుతుంది. మత్తుకు బానిసైన తల్లి ఆ పేట ముఠా నాయకుడికి బాకీ పడింది. ఆ బాకీ తీరితే తప్ప ఆమె ప్రాణానికి భరోసా లేదు. పెంచిన అమ్మమ్మకు క్యాన్సర్ వచ్చింది. చికిత్స వల్ల పని సరిగా చేయలేకపోతోందని ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ ఇంట్లో సంపాదన తేగలిగినవాడు ఖలీల్ ఒక్కడే, వాడికి దొరికిన పని అదొక్కటే. ఇదంతా చెప్పి కూడా రచయిత్రి అతను చేసింది ఒప్పని ఎక్కడా అనదు. టీవీ వాళ్లకు అతను మాదకద్రవ్యాలు అమ్మేవాడు, ముఠావాడు. స్టార్‌కు తెలిసిన ఖలీల్ వేరు. ఆ ఇద్దరి మధ్య ఎంత దూరం ఉందో చూపించడమే రచయిత్రి ఉద్దేశం. పోలీసులు స్టార్‌ను విచారణకు పిలిచినప్పుడు అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం చనిపోయినవాడి నడవడి గురించే ఉంటాయి, చంపినవాడి గురించి ఉండవు. మన అమ్మాయిలూ అబ్బాయిలూ రేపు జ్యూరీల్లో కూర్చుంటారు, ఆసుపత్రుల్లో డాక్టర్లవుతారు, కంపెనీల్లో మనుషులను ఉద్యోగాల్లోకి తీసుకుంటారు. ఆ విచారణ గది దృశ్యం వాళ్లు ఇప్పుడే చదవాలని నేను కోరుకుంటాను.

ఇక బూతుల సంగతి. ఉన్నాయి, కొన్ని పేజీల్లో బాగానే ఉన్నాయి. స్టార్ తమ్ముడు సెకానీ ఇంట్లో ఎవరి నోట చెడ్డమాట వచ్చినా ఒక డాలరు వసూలు చేస్తుంటాడు. అంటే ఆ ఇంట్లోనూ అది తప్పేనన్నమాట. స్టార్‌కూ ఆమె బాయ్‌ఫ్రెండ్‌కూ మధ్య శారీరక సాన్నిహిత్యం ప్రస్తావన కూడా ఉంది. అక్కడ ఆ అబ్బాయి తనను అడగకుండా తొందరపడ్డాడని స్టార్ కోపం తెచ్చుకుంటుంది. కూతురున్న తల్లిగా ఆ భాగం చదివి నాకు భయం వేయలేదు, ధైర్యం వచ్చింది. అర్జీతో వచ్చిన ఫొటోలో ఆ పేజీ సగమే ఉంది, ఆమె కోప్పడిన భాగం లేదు. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ఈ పుస్తకం వద్దని ఎవరైనా అంటే నేను ఒప్పుకుంటాను. కానీ మనం మాట్లాడుతున్నది హైస్కూలు గ్రంథాలయం గురించి, వచ్చే ఏడాదో ఆపై ఏడాదో చేతికి కారు తాళాలు ఇవ్వబోతున్న పిల్లల గురించి.

కారు తాళాల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. పదిహేనేళ్లకు లెర్నర్ పర్మిట్ రాగానే మనందరం పిల్లలకు ఒక పాఠం చెబుతాం. పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచు, అడగకుండా డాష్‌బోర్డు అర తెరవకు, ఎదురు మాట్లాడకు. స్టార్‌కు ఆమె తల్లిదండ్రులు ఆ పాఠం పన్నెండేళ్లకే చెప్పారు, కారు నడపడం కోసం కాదు, వీధిలో నడవడం కోసం. మనం ఆ పాఠం చెప్పడానికీ వాళ్లు చెప్పడానికీ తేడా ఉందని నాకు తెలుసు, రెండూ ఒకటేనని నేను అనడం లేదు. కానీ మనకు ఆ బాధ పూర్తిగా పరాయిదీ కాదు. 2015 ఫిబ్రవరిలో ఆలబామాలోని మాడిసన్‌లో, కొడుకు ఇంటికి వచ్చిన ఒక గుజరాతీ పెద్దాయన పొద్దున్నే ఆ కాలనీలో నడుస్తుంటే, సన్నగా ఉన్న నల్లమనిషి ఎవరో ఇళ్ల దగ్గర తిరుగుతున్నాడని ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. వచ్చిన పోలీసు ఆయన్ను నేలకేసి పడదోస్తే మెడకు దెబ్బ తగిలి శరీరం చచ్చుబడింది. ఆ పోలీసు మీద ఫెడరల్ కోర్టులో విచారణ రెండుసార్లు జరిగినా జ్యూరీలు ఒక నిర్ణయానికి రాలేకపోయాయి. చివరికి 2016లో న్యాయమూర్తి అతన్ని నిర్దోషిగా వదిలేశారు. ఆ పెద్దాయన తాను ఎవరో చెప్పుకునే లోపే, ఫోన్ చేసిన వ్యక్తి కంటికి ఎలా కనిపించాడో అదే ఆయన గుర్తింపు అయిపోయింది.

2017ను మనలో ఎవరూ మరిచిపోలేదు. ఆ ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఓలేతే పట్టణంలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను, నా దేశంలోంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. ఆయన స్నేహితుడు అలోక్ మాడసాని, అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిలట్ అనే అమెరికన్ గాయపడ్డారు. సరిగ్గా ఆరు రోజుల తర్వాత, ఫిబ్రవరి 28న, ఈ నవల విడుదలైంది. ఆ వారంలో మనం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం. పిల్లలను బడికి పంపడానికి భయపడ్డాం. బయట తెలుగులో మాట్లాడొద్దని ఒకరికొకరు సందేశాలు పంపుకున్నాం. శ్రీనివాస్ భార్య సునయన దుమాల అంత దుఃఖంలోనూ మీడియా ముందుకు వచ్చి, తన భర్త ఎలాంటి మనిషో దేశానికి చెప్పారు. ఆమె మాట్లాడకపోయి ఉంటే ఆయన ఒక రోజు వార్తగా మిగిలేవారు. నవలలో స్టార్ చేసే పని కూడా అదే: తనవాడు ఎవరో తన నోటితో చెప్పడం. పదహారేళ్ల పిల్ల ఆ ధైర్యం కూడగట్టుకోవడానికి ఎంత నలిగిపోయిందో నవల నిండా ఉంది.

ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను కూడా దాటవేయకూడదు. శ్రీనివాస్ ఏ తప్పు చేశాడని ఎవరూ అడగలేదు. హంతకుడు నేరం ఒప్పుకున్నాడు, 2018లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. నవలలో, కేసు నడపాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీ ఆ పోలీసు మీద అభియోగం కూడా మోపదు. కల్పన కాబట్టి అలా రాశారని అనుకోవద్దు. 2009 నూతన సంవత్సరం రోజున కాలిఫోర్నియాలోని ఓక్లండ్ రైల్వే ప్లాట్‌ఫారం మీద ఆస్కార్ గ్రాంట్ అనే నిరాయుధ యువకుణ్ణి పోలీసు కాల్చి చంపినప్పుడు, మిసిసిపిలోని జాక్సన్‌లో కాలేజీ విద్యార్థినిగా ఉన్న ఆంజీ థామస్ రాసిన కథే తర్వాత ఈ నవలగా పెరిగింది. జాక్సన్‌లో తను పెరిగిన పేట నుంచి తెల్లవారి పిల్లలు ఎక్కువగా ఉన్న కాలేజీకి రోజూ వెళ్లి వచ్చిన అమ్మాయి ఆమె. స్టార్ కూడా గార్డెన్ హైట్స్ నుంచి ముప్పావు గంట దూరంలో ఉన్న విలియమ్సన్ అనే ప్రైవేటు బడికి వెళ్తుంది. అక్కడ ఆమె మరో మనిషి. యాస మార్చుకుంటుంది, కోపం వచ్చినా మింగుతుంది, బస్తీ పిల్ల అనిపించే మాట ఏదీ నోట రానివ్వదు. ఖలీల్ చనిపోయాక, అతను నీకు తెలుసా అని ఆ బడి స్నేహితులు అడిగితే తెలియదంటుంది. ఆ అబద్ధమే ఆమెను లోపల తినేస్తుంది. తన స్నేహితురాలే అనుకున్న హేలీ, స్టార్ ఎమ్మెట్ టిల్ ఫొటోను ఆన్‌లైన్లో పంచుకున్నప్పటి నుంచి ఆమెను దూరం పెడుతుంది. టిల్ 1955లో మిసిసిపిలో తెల్లవారి చేతిలో దారుణంగా హతమైన పద్నాలుగేళ్ల పిల్లవాడు. చైనా మూలాలున్న మాయా అనే ఇంకో స్నేహితురాలు, తన కుటుంబం తిండి గురించి హేలీ చేసిన వెటకారాన్ని ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నానని స్టార్‌కు చెబుతుంది. మన పిల్లలు ఈ నవలలో తమను వెతుక్కుంటే ఎక్కువగా కనిపించేది స్టార్‌లో కాదు, మాయాలో. నల్ల స్నేహితురాలి పక్కన నిలబడాలా, తెల్ల స్నేహితురాలి మెప్పు నిలుపుకోవాలా అన్న చోట నిలబడ్డ పిల్ల ఆమె.

ఆ పేజీలు చదివిన రోజు మా అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: బ్యాండ్ క్లాసులో తన పక్కన కూర్చుని క్లారినెట్ వాయించే నల్లజాతి అమ్మాయి తనకు అన్నిటికన్నా దగ్గరి స్నేహితురాలని, పుట్టినరోజుకు పిలవాలని ఎంతో ఉన్నా పిలవలేదని. ఆ రోజు ఇంటికి వచ్చే ఆంటీలు, అంకుళ్లు ఆ అమ్మాయిని చూసి తమలో తాము తెలుగులో ఏమనుకుంటారో తనకు తెలుసు. స్నేహితురాలు వాటి అర్థం అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఈ మాట మీ ముందు పెట్టడం మిమ్మల్ని నొప్పించడానికి కాదు. మన విందుల్లో, మన కారు ప్రయాణాల్లో, ఫలానా పేటలో ఇల్లు కొనవద్దని ఒకరికొకరు సలహాలు ఇచ్చుకునేటప్పుడు మనం వాడే మాటలు పిల్లలు వింటున్నారు. వాళ్ల స్నేహాల సరిహద్దులు ఆ మాటలే గీస్తున్నాయి. అదే ఇళ్లలోని పిల్లలు చదవగల పుస్తకాల్లోంచి, ఆ సరిహద్దుకు అవతల ఒక కుటుంబం రాత్రి భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుంటుందో చూపించే పుస్తకాన్ని కూడా మనమే తీసేయిస్తే, వాళ్లకు మిగిలేది మన మాటలొక్కటే.

మనం ఈ దేశానికి ఎలా రాగలిగామో కూడా ఈ సందర్భంలో గుర్తుచేసుకోవడం న్యాయం. 1924 వలస చట్టం ఆసియా వాళ్లకు దాదాపుగా తలుపులు మూసింది. 1946లో భారతీయులకు ఇచ్చిన కోటా ఏడాదికి కేవలం 100 మంది. జాతిని బట్టి మనుషులను లోపలికి రానిచ్చే ఆ పద్ధతిని రద్దు చేసిన 1965 వలస చట్టం, 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం వచ్చిన కాలంలోనే, అదే ఉద్యమం తెచ్చిన మార్పులో భాగంగా వచ్చింది. పోలీసు కుక్కలను, లాఠీలను, బాంబులను ఎదుర్కొని నల్లవారు తెరిపించిన దారిలోనే మన ముందుతరం డాక్టర్లూ ఇంజినీర్లూ ఇక్కడికి వచ్చారు.

ఈ పుస్తకం పోలీసులను ద్వేషించమంటుందని అర్జీలో రాశారు. ఈ ఆరోపణ కొత్తది కాదు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఏటా ప్రకటించే, ఎక్కువగా అభ్యంతరాలు ఎదుర్కొన్న పది పుస్తకాల జాబితాలో ఇది 2017, 2018, 2020, 2021 సంవత్సరాల్లో ఉంది. 2017లో బూతులూ మాదకద్రవ్యాల ప్రస్తావనా కారణమన్నారు. 2018 నాటికి పోలీసు వ్యతిరేకత కూడా వచ్చి చేరింది. నవల చదివినవారికి కార్లోస్ మామ తెలుసు. తను చేసే ఉద్యోగానికీ పెంచిన మేనకోడలికీ మధ్య నలిగిపోయే ఆ మనిషిని రచయిత్రి ఎంత ప్రేమతో రాసిందో తెలుసు. గార్డెన్ హైట్స్‌ను పీడించే ముఠా నాయకుడు కింగ్ మీద నోరు విప్పడానికి పేటంతా ఎన్నాళ్లు భయపడిందో, చివరికి ఎలా నిలబడిందో కూడా తెలుసు. తప్పు చేసినవాడు యూనిఫాంలో ఉన్నా, ముఠా రంగుల్లో ఉన్నా సాక్ష్యం చెప్పాలనే ఈ నవల అంటుంది.

మన పొరుగునే ఉన్న కేటీ స్కూల్ డిస్ట్రిక్టులో 2017 చివర్లో, ఒక తల్లిదండ్రుల అభ్యంతరం మీద ఈ నవలను బడుల్లోంచి తీసేశారు. అప్పుడు ఒక విద్యార్థిని సంతకాలు సేకరించి, బోర్డు ముందు నిలబడి మాట్లాడింది. 2018లో, తల్లిదండ్రుల అనుమతి ఉంటేనే ఇవ్వాలన్న షరతుతో, పుస్తకం మళ్లీ అందుబాటులోకి వచ్చింది. అప్పట్లో అది ఒక అధికారి నిర్ణయం. ఇప్పుడు మన చేతుల్లో అంతకన్నా ఎక్కువ అధికారం ఉంది. 2025లో టెక్సస్ శాసనసభ ఆమోదించిన సెనేట్ బిల్లు 13, బడి గ్రంథాలయాల్లో ఏ పుస్తకాలు ఉండాలనే విషయంలో స్కూల్ బోర్డులకూ తల్లిదండ్రులతో కూడిన సలహా మండళ్లకూ పెద్ద పాత్ర ఇచ్చింది. అంటే వాట్సాప్‌లో వచ్చిన లింకు మీద వేలు నొక్కడం ఇక చిన్న విషయం కాదు. మీ సంతకం మీ ఒక్క బిడ్డ గురించి తీసుకున్న నిర్ణయం కాదు, బడిలో ఉన్న ప్రతి బిడ్డ గురించి తీసుకున్నది. తన పేట లాంటి పేట, తన అన్న లాంటి అన్న ఉన్న ఒకే ఒక్క పుస్తకాన్ని ఆ గ్రంథాలయంలో వెతుక్కునే నల్లజాతి విద్యార్థి గురించి కూడా.

ఆంజీ థామస్ తన చిన్నతనం గురించి చెప్పిన ఒక సంగతి నన్ను వెంటాడుతోంది. ఆరేళ్ల వయసులో పార్కులో ఆడుకుంటూ ఉండగా కళ్ల ముందే కాల్పులు జరిగాయి. మర్నాడు తల్లి ఆమెను గ్రంథాలయానికి తీసుకెళ్లింది, ఆ పార్కులో చూసిందే లోకం కాదని బిడ్డకు తెలియాలని. మిసిసిపిలో ఒక పేద పేటలోని ఆ తల్లి భయపడిన బిడ్డను చేయి పట్టుకుని పుస్తకాల దగ్గరికి నడిపించింది. మంచి ఉద్యోగాలూ, పెద్ద ఇళ్లూ, చదువు మీద అంత గౌరవమూ ఉన్న మనం మన బిడ్డలను పుస్తకాల దగ్గరి నుంచి వెనక్కి లాగడం ఏ విధంగా సమంజసమో అర్జీ రాసినవారు చెప్పాలని కోరుతున్నాను.

నేను మిమ్మల్ని అడుగుతున్నవి పెద్ద విషయాలు కావు. పుస్తకం మొత్తం చదివిన తర్వాతే సంతకం సంగతి తేల్చుకోండి. చదివాక కూడా మీ అమ్మాయికో అబ్బాయికో ఇది వద్దనిపిస్తే, మీ బిడ్డకు మాత్రం ఇవ్వవద్దని లైబ్రేరియన్‌కు రాయండి. అది మీ హక్కు, దాన్ని నేను గౌరవిస్తాను. మిగతా పిల్లల చేతుల్లోంచి లాక్కోవద్దు. ఇప్పటికే సంతకం చేసి మనసు మార్చుకున్నవారు తమ పేరు తొలగించమని అర్జీ నడుపుతున్నవారికి ఒక్క సందేశం పంపితే చాలు.

అర్జీ చర్చకు వచ్చే బోర్డు సమావేశంలో మాట్లాడడానికి నేను పేరు ఇస్తాను. మా అమ్మాయి కూడా ఇస్తానంటోంది. అర్జీకి అనుకూలంగా మాట్లాడేవారు కూడా అదే గదిలో ఉంటారు. సమావేశం అయ్యాక ఒక అరగంట ఆగండి, పుస్తకం పట్టుకుని వస్తాను, మీకు అభ్యంతరమైన పేజీని దాని ముందు పేజీతో, తర్వాతి పేజీతో కలిపి ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీలో ఒక తల్లి